ఒక్కరోజు హెడ్‌మాస్టరు

ఈ ఒక్కరోజు ఏ గొడవా లేకుండా గడిస్తే చాలని ప్రమీలారాణి నందిగామలో బస్సెక్కేటప్పుడే అనుకుంది. జగ్గయ్యపేట రోడ్డు మీదున్న ఓ ఊరి హైస్కూల్లో ఆమె సైన్సు టీచరు. చేరి రెండేళ్లు నిండాయి. ప్రొబేషను పూర్తయిందని రాసిన కాగితం మాత్రం మూడు నెలలుగా హెడ్‌మాస్టరు వీరరాఘవయ్య గారి సొరుగులో సంతకం కోసం పడివుంది. ఈ శనివారంలోగా అది బందరులోని జిల్లా ఆఫీసుకు చేరకపోతే మరో ఏడాది ఆగాలి. అడిగినప్పుడల్లా ఆయన, "స్వపరిపాలన దినం కానీయమ్మా. సంతకమెంతసేపు?" అంటూ వచ్చారు.

ఆ స్వపరిపాలన దినం ఇవాళే. పదో తరగతి పిల్లలు ఒక్కరోజు బడి నడుపుతారు. ఏర్పాట్లన్నీ ప్రమీలారాణివే. పిల్లలు ఓట్లేసి లూర్దమ్మను హెడ్‌మాస్టరుగా ఎన్నుకున్నారు. లూర్దమ్మ మాట తక్కువ పిల్ల. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. అది మంచి గుణమనే ప్రమీలారాణి అప్పటిదాకా నమ్మింది.

తల్లి చీర కట్టుకుని, కళ్లజోడు లేకపోయినా పెట్టుకున్నంత గంభీరంగా వచ్చిన లూర్దమ్మకు వీరరాఘవయ్య గారు తాళాలగుత్తి ఇచ్చారు.

"అంతా నిజం బడిలాగే జరగాలి. ఉత్తుత్తి ఆటలు నాకు గిట్టవు. సాయంత్రం నాలుగున్నరకి తాళాలు నాకప్పజెప్పు" అని ఆకాశం కేసి చూశారు. కంచికచర్ల దగ్గర ఆయన మిరపకాయలు కల్లంలో ఆరుతున్నాయి. మబ్బు పట్టింది. తువ్వాలు భుజాన వేసుకుని వచ్చిన బస్సు ఎక్కేశారు.

మొదటి బెల్లు కొట్టిన అరగంటకు తెలుగు మాస్టారు తిరుపతిరావు రొప్పుతూ వచ్చాడు. మరు నిమిషంలో స్టాఫ్ రూములోకి దూసుకొచ్చాడు.

"ఏమండీ ప్రమీలారాణి గారూ, ఏంటిదంతా? ఆ పిల్ల హాజరు పుస్తకంలో నా పేరు మీద ఎర్రగీత పెట్టింది!"

"ఆడుకుంటున్నార్లెండి మాస్టారూ. అది నేను గీతలు గీసిచ్చిన ఉత్త పుస్తకం."

"నా పన్నెండేళ్ల సంతకాలున్న పుస్తకాన్ని నేను గుర్తుపట్టలేనా?"

ప్రమీలారాణి గుమ్మం వైపు తిరిగింది. అక్కడున్న అటెండరు జ్ఞానయ్య తల గోక్కున్నాడు. "అయ్యగారు నిజం బడిలాగే అన్నారు గదమ్మా. అందుకని నిజం రిజిస్టరే ఇచ్చా."

ఆమె పరుగున ఆఫీసు గదిలోకి వెళ్లింది. రిజిస్టర్లో తిరుపతిరావు ఎదురుగా 'ఇరవై తొమ్మిది నిమిషాలు ఆలస్యం' అని ఉంది. ఆ పైన, మొట్టమొదటి పేరు ఎదురుగా, ఎర్రసిరాతో 'గైర్హాజరు'.

"లూర్దమ్మా, హెడ్‌మాస్టరు గారికి గైర్హాజరు వేశావా?"

"సెలవు చీటీ లేదండి టీచర్. సొరుగంతా వెతికా. మీ కాగితం కనపడింది. దాని మీద సంతకం లేదండి."

"అది నాకు తెలుసులే తల్లీ. ముందిది కొట్టెయ్."

"ఎట్టా కొట్టేస్తానండి? చూసింది చూసినట్టు టైముతో సహా రాయాలి, రాసింది చెరపకూడదని మీరే గదా చెప్పింది, ప్రయోగాల పుస్తకంలో?"

రెండేళ్లుగా చిలక్కి చెప్పినట్టు చెప్పింది తనే. క్లాసులో నలభైమందికి చెబితే ఒక్కరికే ఎక్కింది. ఆ ఒక్కరినే పట్టుకుని పిల్లలు హెడ్‌మాస్టర్ని చేశారు. ప్రమీలారాణి తల పట్టుకుంది.

పట్టుకున్న తల మధ్యాహ్నమైనా వదలకముందే స్కూళ్ల ఇన్‌స్పెక్టరు కృపారావు గారు ఊడిపడ్డారు. ముందస్తు కబురు లేదు. గేటు దగ్గరే జ్ఞానయ్యను, "మీ హెడ్‌మాస్టరేడయ్యా?" అని అడిగితే, "జీతాల బిల్లు పట్టుకుని ట్రెజరీకెళ్లారండి" అన్నాడు. వరండాలో తిరుపతిరావు, "నిన్నట్నించి జ్వరమండి. ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నారు" అన్నాడు. ఈ రెండూ వినని ప్రమీలారాణి, సొరుగులోని కాగితం గుర్తొచ్చి, జన్మలో మొదటిసారి పై అధికారికి అబద్ధం చెప్పింది.

"జగ్గయ్యపేట వెళ్లారండి. సైన్సు గదికి గాజు సామాన్లు తేవడానికి."

"ఓహో. జ్వరంతో ట్రెజరీకెళ్లి, అట్నుంచటే గాజు సామాన్లకెళ్లారన్నమాట. మహా కష్టజీవి!" అంటూ ఆయన ఆఫీసు గదిలోకి నడిచారు. లూర్దమ్మ లేచి నమస్కారం పెట్టి రిజిస్టరు ముందుకు జరిపింది.

ఆయన చదివారు. మళ్లీ చదివారు. "ఇన్నేళ్ల సర్వీసులో నిజం రాసిన రిజిస్టరు ఇప్పుడు చూస్తున్నా" అని ప్రమీలారాణి వైపు తిరిగారు. "ఇవాళ ఇన్‌చార్జి మీరేగా? ప్రొబేషనులో ఉండి అబద్ధాలా? రాయకుండా వదిలిపెట్టేది లేదు."

సరిగ్గా అప్పుడే, చినుకులు పడలేదన్న సంతోషంతో వీరరాఘవయ్య గారు లోపలికొచ్చారు. చొక్కా నిండా మిరపకారం. ముందు ఆయన తుమ్మారు. తర్వాత ఇన్‌స్పెక్టరు, తిరుపతిరావు, జ్ఞానయ్య వరసగా తుమ్మారు.

"ట్రెజరీలో ఇప్పుడు మిరపకాయలు కూడా ఆరబోస్తున్నారాండీ?" అంటూ కృపారావు గారు కళ్లు తుడుచుకుని, సందర్శకుల పుస్తకం తెరిచి రాయసాగారు. 'ఉదయం పది గంటలకు పాఠశాలను సందర్శించి...'

"సార్" అంది లూర్దమ్మ. "మీరొచ్చింది పన్నెండూ పదికండి."

"నువ్వు కూర్చోమ్మా."

"గడియారం చూసి రాసా సార్. అంతకు ముందు పావుగంట ఈ కిటికీలోంచి బస్‌స్టాండులో సోడా తాగుతూ కనపడ్డారు గానీ, అది బడి బయటని రాయలేదండి."

రిజిస్టరు కింద వరసలో నిజంగానే ఉంది: 'ఇన్‌స్పెక్టరు గారు, 12.10.' కలం ఆగిపోయింది. పది గంటలని ఆయన డైరీలో రాసింది పొద్దున ఇంట్లోనే.

"ఇదంతా పిల్లల ఆట గదండీ" అన్నారు వీరరాఘవయ్య గారు మెల్లగా.

"ఆటే, ఆటే" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు త్వరగా. "ఈ పేజీ ఆటలో భాగమని ఇన్‌చార్జి టీచరు ఒక రిపోర్టు రాసిస్తే సరిపోతుంది."

అందరూ ప్రమీలారాణి వైపు చూశారు. ఆమె పొద్దుట్నించి పడ్డ పాట్లన్నీ ఒక్కసారి తలుచుకుంది.

"రాస్తానండి. కాకపోతే ప్రొబేషను పూర్తికాని మనిషి రిపోర్టు చెల్లుతుందా అని..."

వీరరాఘవయ్య గారు సొరుగు లాగారు. రాలేదు. తాళం వేసి ఉంది.

"తాళాలియ్యమ్మా!"

"నాలుగున్నరకి గదండీ అప్పజెప్పమన్నారు" అంది లూర్దమ్మ, గోడ గడియారం చూసి.

పన్నెండున్నర నుంచి నాలుగున్నర దాకా ఇద్దరు అధికారులు బెంచీ మీద పక్కపక్కన, తుమ్ముకుంటూ కూర్చున్నారు. నాలుగున్నరకు గంట కొట్టారు, తాళం తెరుచుకుంది, సంతకం పడింది. ప్రమీలారాణి కాగితం ఇన్‌స్పెక్టరు గారి సంచీలోనే బందరు వెళ్లింది.

మరుసటి సంవత్సరం నుంచి ఆ బడిలో స్వపరిపాలన దినాన్ని ఆదివారం నాడు జరుపుతున్నారు.