లోపలి కంప్యూటర్ ముహూర్తం

ఆ శుక్రవారం పొద్దున గ్రాఫిక్స్ కుర్రాడు శాంతరాజు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. సిద్ధాంతి అచ్యుతరామయ్య పెట్టిన పదింటి ముహూర్తానికి కొత్త సినిమా టైటిల్ ప్రింటు తీసి నిర్మాత వీరరాఘవయ్య చేతిలో పెట్టాలి. మధ్యాహ్నం రైలెక్కాలి. మర్నాడు ఏలూరు చర్చిలో కరుణాకుమారితో ప్రధానం, అదే నిశ్చితార్థం.

ఫిల్మ్ నగర్‌లోని వీరరాఘవయ్య ఆఫీసులో ఉన్నది ఖరీదైన గ్రాఫిక్స్ కంప్యూటర్. తెలుగు అక్షరాల ప్రోగ్రాం మాత్రం మామూలు కంప్యూటర్‌లోనే నడుస్తుంది. అందుకని శాంతరాజు ఒక సాఫ్ట్‌వేర్ వేసి, దీని తెర లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ను నడిపిస్తున్నాడు.

"సినిమా సెట్ లాంటిదండీ. ప్రింటరూ, గడియారమూ అన్నీ ఉన్నట్టే ఉంటాయి. వెనక ఏమీ ఉండదు" అని చెబితే వీరరాఘవయ్యకు వెంటనే అర్థమైంది. పాతికేళ్లుగా ఆయన అట్టగోడల ఇళ్లలోనే కాపురాలు తీయిస్తున్నాడు.

పదయింది. ప్రింటు రాలేదు.

"లోపలి ప్రింటర్ బిగుసుకుపోయిందండీ" అన్నాడు శాంతరాజు. వీరరాఘవయ్య బయటి ప్రింటర్‌ను రెండు పీకాడు.

"గట్ల కొట్టకుండ్రి సార్. దిష్టి తగిలింది, జర తప్పుకోండ్రి" అంటూ డ్రైవర్ యాదగిరి గుమ్మడికాయ తిప్పి నేలకేసి కొట్టాడు. ఆ చప్పుడుకు కింది అంతస్తులో ఏడుపు డబ్బింగ్ చెబుతున్న హీరోయిన్ మొదటిసారి నిజంగా ఏడ్చింది.

ఈలోగా గోడ గడియారంలో ముహూర్తం దాటిపోయింది.

"ఇంకో ముహూర్తం దొరికేదాకా నీకు సెలవూ లేదు, ప్రధానమూ లేదు!" అన్నాడు వీరరాఘవయ్య.

శాంతరాజు చెమట తుడుచుకుని, లోపలి కంప్యూటర్ పరికరాలన్నిటినీ ఒక్క దెబ్బతో రీసెట్ చేశాడు. ప్రింటర్ లేచింది. దాంతోపాటు లోపలి గడియారం కూడా మళ్లీ మొదటికొచ్చింది: 1980 జనవరి ఒకటి, అర్ధరాత్రి.

పక్కనే కూర్చున్న సిద్ధాంతి కళ్లు మెరిశాయి. "అచ్చయ్యేది ఏ మిషన్‌లో నాయనా?"

"ఈ లోపలి దాంట్లోనండీ."

"అయితే ముహూర్తం దాని టైముకే చూడాలి." ఆయన వేళ్లు లెక్కపెట్టాడు. "దివ్యంగా ఉంది, కానివ్వండి!" 1980 జనవరి ఒకటి మంగళవారమని గుర్తొచ్చింది గానీ పైకి అనలేదు.

టైటిల్ బయటికొచ్చింది. వీరరాఘవయ్య కళ్లకద్దుకున్నాడు.

"సార్, ఇక నా రైలు..."

ఆయన తెర వంక చూశాడు. "ఎనభైలో నీకెన్నేళ్లయ్యా?"

"ఏడండీ."

"ఏడేళ్ల పిల్లాడికి ప్రధానమేంటి? పోలీసులొస్తారు. కూర్చో, పోస్టర్లు తియ్యి."

సిద్ధాంతి కూడా అవునన్నట్టు తలూపాడు. శాంతరాజు మళ్లీ తెర ముందు కూర్చున్నాడు. లోపలి గడియారాన్ని ముందుకు జరిపాడు. ఈ ఏడాది, ఈ నెల దాకా వచ్చి, ఇంకొక్క రోజు ముందుకు తోసి, శనివారం పొద్దున తొమ్మిది దగ్గర ఆపాడు. తర్వాత వినయంగా పక్కకు జరిగాడు.

వీరరాఘవయ్య తెర చూసి కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు.

"ఒరేయ్, శనివారం వచ్చేసింది! నీ ప్రధానం ఇవాళే కదరా! అక్కడ ఆ పిల్ల ఎదురుచూస్తుంటే ఇంకా ఇక్కడేం చేస్తున్నావ్? యాదగిరీ, కారు తియ్!"

యాదగిరి ఆటోల మధ్యలోంచి, స్టూడియో వ్యాన్ల పక్కలోంచి కారును స్టేషన్‌కు ఎగరేసుకుపోయాడు. శాంతరాజు పరిగెత్తుకుంటూ ప్లాట్‌ఫారం మీద పడ్డాడు.

రైలు మాత్రం లోపలి గడియారాన్నీ, బయటి గడియారాన్నీ లెక్కచేయకుండా మూడు గంటలు ఆలస్యంగా వచ్చింది.