చేప మీద కుస్తీ

ఆ సోమవారం పొద్దున స్టాన్ వోయ్‌చెక్ చేతిలో ఉన్నవి ఇవి: తండ్రి వదిలిపోయిన స్క్రీన్ ప్రింటింగ్ షాపు, గిన్నెలు కడగడంకన్నా సలహాలివ్వడంలో చురుకైన అక్క లొరైన్, క్రమం తప్పకుండా పనిచ్చే ఒకే ఒక్క ఖాతాదారు. ఆ ఖాతాదారు సెయింట్ గుంథర్ చర్చి. బింగో, పాత బట్టల అమ్మకం, వేసవి జాతర, అన్నిటికీ మించి ఈస్టరుకి ముందు మాంసం మానేసే తపస్సుకాలం శుక్రవారాల్లో చర్చి హాల్లో పెట్టే చేపల వేపుడు విందు, అన్నిటి పోస్టర్లూ స్టానే వేస్తాడు. క్లీవ్‌ల్యాండ్‌లో మిగతావాళ్లంతా పోస్టర్లు ఇళ్లలోనే అచ్చేసుకుంటున్నారు. చర్చి చెయ్యి వదిలితే షాపుకి తాళం పడినట్టే.

ఆ రోజు పని చిన్నదే. చేపల వేపుడు పోస్టర్ల కట్టను పదింటికల్లా చర్చికి చేర్చాలి. స్టాన్ రంగు డబ్బాలు తేవడానికి వెళ్తూ, "అక్కా, కట్ట కట్టి పంపెయ్" అన్నాడు.

"ఏ కట్ట?"

"పైన చేప బొమ్మ ఉన్నది."

ఇక్కడే దెబ్బ పడింది. కొత్త రంగు ఎక్కించినప్పుడల్లా, అది సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోవడానికి ప్రింటర్లు ముందు కొన్ని పాడు కాగితాల మీద అచ్చు లాగుతారు. దానికోసం మంచి కాగితం ఖర్చుచేయడం స్టాన్‌కి ఒంట్లో రక్తం తీసినంత బాధ. అందుకని మూడేళ్లుగా అవే వేస్టు కాగితాల మీద లాగుతున్నాడు. ఆడవాళ్ల కుస్తీ పోటీ మీద ప్లంబర్, ప్లంబర్ మీద బింగో, బింగో మీద చేప. రంగు పోల్చుకోవడానికి ఒక మంచి పోస్టర్‌ను ఆ వేస్టు కట్ట పైన పెట్టడం అతని అలవాటు. మంచి కట్ట మీద మాత్రం దుమ్ము పడకుండా అట్టముక్క కప్పుతాడు. లొరైన్‌కు చేప కనపడింది. ఆ కట్టనే కట్టి పంపింది.

మధ్యాహ్నానికి చర్చి ముసలాళ్లు పేటంతా అంటించేశారు. బొమ్మ ఏమిటని ఒక్కరూ అడగలేదు. చర్చి కమిటీ ఇచ్చింది కదా, అంటించారు. సాయంత్రం కమిటీ పెద్ద మిసెస్ బెర్నడెట్ హావ్లిచెక్ ఫోన్ చేసింది.

"ఏం స్టాన్, నేను చేప అడిగానా, తొడ అడిగానా?"

"ఏ తొడండీ?"

"ఎర్ర చెడ్డీ వేసుకున్న మనిషి తొడ. చేపని చంకలో ఇరికించి నలిపేస్తోంది. వెనకాల పైపు పట్టుకుని ఒకడు నవ్వుతున్నాడు. తేదీ ఎక్కడయ్యా? నా కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడు పెట్టి వెతికాను."

"పొరపాటండీ. రేపటికల్లా అన్నీ గీకేస్తాను."

"గీకెయ్. శుక్రవారం హాలు ఖాళీగా ఉంటే, జాతర పనికి వేరేవాణ్ణి చూసుకుంటాను. నీ మీద కోపమేం లేదు. నమ్మకం కూడా లేదు, అంతే."

మర్నాడు స్టాన్ బకెట్టూ గీకుడు రేకూ పట్టుకుని లాండ్రీ కొట్టు అద్దం దగ్గర మొదలుపెట్టాడు. సగం గీకాడో లేదో, గుండ్రటి కళ్లద్దాల కుర్రపంతుల్లాంటి మనిషొకడు ఫోన్ ఎత్తి ఫోటోలు తీయసాగాడు. పేరు జూలియన్ ఆస్ట్రాండర్. ఊళ్లు తిరుగుతూ, ఎవరూ పట్టించుకోని అచ్చుబొమ్మల్ని కనిపెట్టి లోకానికి చెప్పే వెబ్‌సైటు నడుపుతాడు.

"ఇది మీరు వేసిందేనా?"

"నేనే."

"మరి మీరే చెరిపేస్తున్నారేం?"

"చూడలేక."

ఆస్ట్రాండర్ ఆ ఒక్క మాటా రాసుకున్నాడు. ఆ రాత్రే ఫోటోలూ, శుక్రవారం విందు సంగతీ వెబ్‌సైటులో పెట్టాడు.

బుధవారానికి స్టాన్ ఎక్కడ గీకితే అక్కడ జనం. నల్ల కోట్ల వాళ్లు, ఫోన్ల వాళ్లు. అతను రాల్చిన ముక్కల్ని ఏరి పుస్తకాల్లో పెట్టుకుంటున్నారు. ఇంకా గీకని పోస్టర్లని అతనికన్నా ముందే వెళ్లి ఊడదీసుకుంటున్నారు. పని తేలికైందని స్టాన్ సంతోషించాడు. లొరైన్ మాత్రం గుమ్మంలో నిలబడి, "ఒరే, నువ్వు మూడేళ్లు కష్టపడి పాడుచేశావురా, ఊరికే వస్తుందా?" అంది.

శుక్రవారం హాలు బయట వరస వీధి మలుపు దాటింది. వచ్చినవాళ్లలో సగంమంది చంకలో పోస్టరే. పళ్లేలు అందిస్తున్న మిసెస్ హావ్లిచెక్ ముందు వాటిని పరిచి సంతకం అడిగారు.

"దీని వెనకున్న ఆలోచన మీదేనా మేడమ్?"

"ఆలోచనా పాడూ లేదు. ఇదొక తప్పు."

"అద్భుతం. ఇంకోసారి చెప్పండి, రికార్డు చేసుకుంటాను."

"తప్పు అన్నాను. చెవుడా? బంగాళాదుంపలు కావాలా, వద్దా?"

ఆరింటికల్లా చేపలైపోయాయి. ముప్ఫై ఏళ్లుగా అదే బల్ల దగ్గర కూర్చునే ముసలాళ్లకి క్యాబేజీ ముక్కలే మిగిలాయి. వాళ్ల అరుపులు వంటింటి దాకా వినపడ్డాయి. పని పోయిందని స్టాన్ ఖాయం చేసుకున్నాడు.

శనివారం మిసెస్ హావ్లిచెక్ షాపుకే వచ్చింది. కూర్చోమనకుండానే కూర్చుంది.

"వచ్చే శుక్రవారానికి అలాంటివే కావాలి."

"అవి కావాలని చేస్తే వచ్చేవి కాదండీ."

"నిన్నెవరు కావాలని చెయ్యమన్నారు? తప్పు చెయ్యి."

ఆదివారమంతా స్టాన్ మనసు పెట్టి తప్పు చేశాడు. చేప మీద బింగో, బింగో మీద చేప. సోమవారం మిసెస్ హావ్లిచెక్ వచ్చి కూర్చుంది. ఆస్ట్రాండర్ కూడా వచ్చి చూసి, చావు కబురు చెప్పేవాడిలా గొంతు తగ్గించాడు. "ఏమనుకోకండి. ఇది ఎవరో డిజైన్ చేసినట్టుంది."

"డిజైన్లు వెతకడమే కదయ్యా మీ పని?" అంది లొరైన్.

స్టాన్ తల పట్టుకున్నాడు. మిసెస్ హావ్లిచెక్ మాత్రం లేచి, చేతిసంచీ బల్ల మీద పెట్టి, చొక్కా చేతులు మడిచింది. స్టాన్ చేతిలోంచి కాగితం లాక్కుని తలకిందులుగా పెట్టి, "ఇప్పుడు ఎరుపు లాగు. ఇంకా. ఇంకా కిందికి. భయపడకు, చేపకి నొప్పి పుట్టదు" అంది. కాగితం బయటికొచ్చింది. ఆస్ట్రాండర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆవిడ దాన్ని దూరం నుంచి చూసి, దగ్గరికొచ్చి చూసి, కింద మిగిలిన ఒక్క వరస మీద వేలు పెట్టింది.

"ఇదేమిటి, అడ్డంగా?"

"తేదీ అండీ."

"తీసెయ్. బొమ్మని పాడుచేస్తోంది."

ఈస్టరు నాటికి స్టాన్ లెక్క ఇలా తేలింది: చర్చి పని నిలిచింది, జాతర పనీ వచ్చింది, చేపలు రెట్టింపు తెప్పిస్తున్నారు గనుక ముసలాళ్లు నోరు మూశారు. ఖర్చు కింద రాయాల్సింది ఒక్కటే: మిసెస్ హావ్లిచెక్ ఇప్పుడు రోజూ వస్తోంది.