చర్చిల్ నది మీద ఎర్రచుక్క

జూన్ మొదటి శనివారం పొద్దున్నే అల్ఫాన్స్ లాలిబెర్టే పెరట్లో బల్ల వేసుకుని కూర్చున్నాడు. ఉత్తర కెనడాలోని చర్చిల్ నది మీద ఎనిమిది రోజుల పడవ ప్రయాణానికి పథకం రాయాలి. నిరుడు కార్చిచ్చుకు ఆ నది రెండు ఒడ్లూ కాలిపోయాయి. ఇప్పుడక్కడ ఏముందో, జలపాతాల పక్కన పడవను మోసుకెళ్లే బాటలు మిగిలాయో లేదో ఊళ్లో ఎవరికీ తెలియదు. తెలియనిది తెలుసుకోవడమంటే అల్ఫాన్స్‌కు ప్రాణం. అంతకన్నా పెద్ద కోరిక ఇంకొకటుంది: ముప్పై ఏళ్ల కాపురంలో ఒక్కసారైనా భార్య జెర్మేన్‌ను పడవ ముందు సీట్లో కూర్చోబెట్టాలి. నెల రోజులు బతిమాలించుకుని ఆవిడ ఒక్క షరతు మీద ఒప్పుకుంది.

"మంటల మ్యాపులో మన దారిన ఒక్క ఎర్రచుక్క కనబడ్డా నేను మా అక్కింటికి పోతా. నీ నది నువ్వే తిరుగు."

దోమలు చెవుల్లో కచేరీ మొదలుపెట్టాయి. అల్ఫాన్స్ పాత బకెట్లో నాలుగు నిప్పులు వేసి, పైన తడి నాచు కప్పాడు. ఆరుబయట మంట పెట్టకూడదని ఊరంతా బోర్డులున్నాయి. "ఇది మంటెలా అవుతుంది, పొగ కదా" అని తీర్పు తనే చెప్పుకుని, పథకంలో 'పొద్దున ఎనిమిదింటికి బయల్దేరాలి' అని మొదటి ముక్క రాసి, లాప్‌టాప్‌లో మంటల మ్యాపు తెరిచాడు.

అరగంటకు, వీధి చివర పడవ ఎక్కాల్సిన రేవు పక్కనే ఎర్రచుక్క వెలిగింది. ఎంత మంటో చూడాలిగా! నీళ్ల మీద దిగే విమానం నడిపే స్నేహితుడు ఆర్విల్‌కు ఫోన్ చేశాడు.

"ఒరే, రేవు దగ్గర ఏదో అంటుకుందట. ఒక్క చుట్టు తిరిగి చెప్పరా."

పది నిమిషాల్లో విమానం నెత్తిమీద గిర్రున తిరిగింది. ఫోన్లో ఆర్విల్ అరిచాడు.

"బాగా ఉందిరా పొగ! మీ వీధిలోనే!"

"నాకేం కనబడ్డం లేదే. ఇక్కడంతా పొగగా ఉంది."

విమానాన్ని చూసిన వీధి హడలిపోయింది. జనం పరుపులు, కుక్కలు బళ్లలోకి ఎక్కించారు. మ్యాపులో చుక్కలు మూడయ్యాయి. జెర్మేన్ సూట్‌కేసుతో గుమ్మంలోకి వచ్చింది. అప్పుడే అగ్నిమాపక దళం దిగింది. దళం నాయకురాలు టానిస్ బకెట్లో నీళ్లు గుమ్మరించింది. సగం నీళ్లు పథకం మీద పడ్డాయి.

"పొగ చూసి ముగ్గురు ఫోన్ చేశారు, మూడు చుక్కలూ నీవే బాబాయ్. జరిమానా కాగితం పోస్టులో వస్తుంది."

"మొదట ఫోన్ చేసింది నేనే," అంది కంచె అవతలి నుంచి పక్కింటి రోజలీ పిన్ని. అరవై దాటినా ఆవిడ గొంతులో పస తగ్గలేదు. "సగం ఊరు పోయిందనుకున్నా!"

జెర్మేన్ టానిస్‌ను అడిగింది. "అయితే నది మీద మంటల్లేవా?"

"ఒక్కటీ లేదు పిన్నీ. కాలిన నేలంతా మంచి ధర పలికే పుట్టగొడుగులే, కాలు పెట్టే చోటు లేదు. నిన్ననే హెలికాప్టర్ దింపి చూశాం. కోయడానికి ఇంకా ఎవరూ వెళ్లలేదు."

జెర్మేన్ సూట్‌కేసు కింద పెట్టింది. ఆవిడ కళ్లలో అలాంటి మెరుపు అల్ఫాన్స్ పెళ్లిలో కూడా చూడలేదు. అతను తడిసిన పథకం చేతిలోకి తీసుకున్నాడు.

"అయితే మనం ఎల్లుండే బయల్దేరదాం!"

"మనం కాదు, మేం," అంది జెర్మేన్. "నేనూ, రోజలీ పిన్నీ. పుట్టగొడుగు దగ్గర ఆవిడది డేగకన్ను. నిన్ను తీసుకెళ్తే మిగిలిన అడవి కూడా మిగలదు."

సోమవారం ఎనిమిదింటికి అల్ఫాన్స్ మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఇద్దరున్న పడవను ముందుకు తోశాడు. బయల్దేరే వేళ మాత్రం పథకంలో రాసుకున్నట్టే తు.చ. తప్పకుండా కుదిరింది.