కొక్కానికి మిగిలిన కార్డు

ఆ శుక్రవారం ఉదయం కుమారస్వామి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇల్లందు నుంచి వస్తున్న తండ్రిని ఎల్బీ నగర్‌లో బస్సు దిగగానే పట్టుకోవాలి. హోటల్లో బిర్యానీ తినిపించాలి. తను పనిచేసే అద్దాల మేడను రోడ్డు అవతలి నుంచి చూపించి, అటు నుంచి అటే తిరుగు బస్సు ఎక్కించాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ తండ్రి ఆ మేడలో అడుగు పెట్టకూడదు.

దానికి కారణం ఉంది. ఇంటర్న్‌షిప్ మొదలైన కొత్తలో తల్లి జంపక్క ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి, "కూసునే జాగ మంచిగున్నదా బిడ్డా?" అని అడిగింది. "నాకు సొంత రూమిచ్చిన్రమ్మా," అన్నాడు కుమారస్వామి. అది పూర్తిగా అబద్ధం కాదు. జిరాక్సు మిషన్ పెట్టిన ఆ గదిలో అతను తప్ప ఎవరూ కూర్చోరు. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో సాఫ్ట్‌వేర్ నేర్చుకుందామని హైదరాబాదు వచ్చినవాడికి ఆ కంపెనీ నేర్పింది, కాగితాన్ని రెండు వైపులా ముద్రించడం. అయిదో అంతస్తులో అతని పేరు ఎవరికీ తెలియదు. "జిరాక్సూ!" అంటే పలుకుతాడు, అంతే.

ఇంటర్న్‌షిప్‌కు అదే ఆఖరి రోజు. సాయంత్రం మేనేజరు అరుణశ్రీ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాలి. అది లేకపోతే కాలేజీలో ఆఖరి పరీక్షకు కూర్చోనివ్వరు. పని వేళ సీట్లో లేనివాళ్ళకు ఆమె సంతకం పెట్టదని పేరు. అందుకే కుమారస్వామి ముందు గేటు జోలికి పోకుండా, బండ్లు నిలిపే చోటు వెనక, టీ బండి పక్క సందులోంచి జారుకున్నాడు.

ముందు గేటు దగ్గర ఒక పద్ధతి ఉంది. ట్రైనింగుకు వచ్చిన పిల్లలు తమ కాలేజీ కార్డు అక్కడ ఇచ్చి కంపెనీ బిళ్ళ తీసుకోవాలి. సెక్యూరిటీ పిచ్చయ్య ఆ కార్డును చెక్క పలక మీది కొక్కానికి తగిలిస్తాడు. బయటికి వెళ్ళేటప్పుడు బిళ్ళ ఇచ్చేసి కార్డు తీసుకోవాలి. సందులోంచి జారుకున్నవాడి కార్డు మాత్రం, ఫోటోలో నవ్వుతూ, కొక్కానికి వేలాడుతూనే ఉంది.

పథకంలో లోపం ఒక్కటే. తండ్రి పగిడయ్య బొగ్గు బావి కార్మికుడు. పుట్టి బుద్ధెరిగాక ఏ షిఫ్టుకూ ఆలస్యంగా వెళ్ళలేదు. కొడుకు చెప్పిన బస్సుకు ముందు బస్సే ఎక్కాడు. కొడుకు ఎల్బీ నగర్‌లో ఎండకు నిలబడి ఉన్న వేళకు, తండ్రి నాటుకోడి కూర ఉన్న టిఫిన్ క్యారియరుతో ఆఫీసు గేటు ముందు ఆటో దిగాడు.

"మా పిలగాడు ఈడ ఇంజనీరన్నా. కుమారస్వామి. జెర పిలువరాదే."

పిచ్చయ్యది కల్లూరు. వచ్చింది ఇల్లందు నుంచి, సొంత జిల్లా మనిషి అని తెలియగానే కుర్చీ వేశాడు. "ఇదిగోనండీ, మీవాడి ఫోటో. లోపలే ఉన్నాడు." అయిదో అంతస్తుకు ఫోన్ చేసి, కాసేపు విని, తల గోక్కున్నాడు. "ఆ పేరుగలాళ్ళు ఎవరూ లేరంటన్నారండి."

"కార్డు ఉన్నది గదనే?"

"ఉందండి."

"మనిషి లేడా?"

"లేడంటన్నారండి."

పగిడయ్య క్యారియరు కింద పెట్టాడు. బొగ్గు బావిలో దిగే ప్రతి మనిషీ పైన ఇత్తడి బిళ్ళ ఇచ్చి టోపీ లైటు తీసుకుంటాడు. పైకి వచ్చాక లైటు ఇచ్చేసి బిళ్ళ తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయాక కొక్కానికి బిళ్ళ మిగిలి, మనిషి కనిపించకపోతే దానికి ఒకటే అర్థం. ఒక వానాకాలం అలా ఒక బిళ్ళ మిగలడం పగిడయ్య కళ్ళారా చూశాడు. అది బావిలో అతనితో కలిసి పనిచేసే జోడీగాడిది.

"లోపల ఏమన్న కూలిందా అన్నా?"

"కూలటానికి ఇదేమన్నా గనాండీ? పొద్దుటి నుంచి లిఫ్టు ఆగిపోయింది, అంతే. రెండుకీ మూడుకీ మధ్యన."

"తాడు తెగిందా?"

"తెలీదండి. మెకానిక్ వస్తానన్నాడు."

"అండ్ల ఎవలన్న ఉన్నరా?"

"లేరనే అనుకుంటన్నామండి."

అనుకోవడం అన్న మాట పగిడయ్యకు నచ్చలేదు. "సైరన్ ఏది?"

"అదిగోనండీ, గోడకి. ఆ ఎర్రది. మేనేజరు గారి ఆర్డరు లేకుండా ఎవరూ నొక్కకూ..."

పగిడయ్య నొక్కాడు.

అన్ని అంతస్తుల జనం మెట్ల మీద ఒకరినొకరు తోసుకుంటూ వచ్చి రోడ్డు మీద పడ్డారు. ఏమైందని అడిగిన మొదటివాడితో పిచ్చయ్య, "లిఫ్టులో పిల్లాడు ఇరుక్కున్నాడేమోనండి," అన్నాడు. ఆ మాట రెండోవాడికి చేరేసరికి లిఫ్టు కింద పడింది. మరి కొందరిని దాటేసరికి అంటుకుంది. చివరివాడు ఫైరింజనుకు ఫోన్ చేశాడు.

ఫైరింజను వచ్చింది. అందులోంచి దిగిన కుర్రాడి చేతిలోని హెల్మెట్‌ను పగిడయ్య అలవాటుగా తీసుకుని తలకు పెట్టుకున్నాడు. మంటల కోసం కొందరు, లిఫ్టు కోసం కొందరు లోపలికి పరిగెత్తారు.

"అంతస్తుకొక లైను!" అని అరిచాడు పగిడయ్య. "పక్కపొంటి మీ జోడీ మనిషి ఉన్నడా లేడా సూసుకోన్రి!"

టైలు కట్టుకున్నవాళ్ళంతా మారుమాట్లాడకుండా లైను కట్టారు. అరుణశ్రీ ముందుకు వచ్చింది. "ఎవరండీ మీరు? అసలు తప్పిపోయిందెవరు?"

"నా కొడుకు మేడం. కుమారస్వామి. మీ దగ్గర్నే ఇంజనీరు. సొంత రూమున్నది."

"అలాంటివాళ్ళు ఎవరూ లేరే!"

పిచ్చయ్య కార్డు తెచ్చి చూపించాడు. లైనులోంచి ఎవరో, "అరే, మన జిరాక్సు!" అన్నారు. అయిదో అంతస్తు మొత్తానికి ఒక్కసారిగా దుఃఖం వచ్చింది. "ఎంత మంచోడో మేడం. పొద్దున గూడ నాకు రెండు దిక్కుల తీసిచ్చిండు," అని ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంది.

"జిరాక్సా?" అన్నాడు పగిడయ్య మెల్లగా. కానీ దాని గురించి ఆలోచించే వేళ కాదది. పిచ్చయ్య కార్డును బాధ్యతగా మళ్ళీ కొక్కానికి తగిలించాడు. జిరాక్సుతో కలిపి తన అంతస్తులో ఎంతమంది ఉండాలో అరుణశ్రీ చెప్పింది. పగిడయ్య లెక్క మొదలుపెట్టాడు.

బస్సంతా ఖాళీ అయినా తండ్రి దిగకపోయేసరికి, ఆఫీసుకు వెనక్కి వచ్చిన కుమారస్వామికి రోడ్డు నిండా జనం కనిపించారు. "ఏమైందక్కా?" అని టీ బండామెను అడిగాడు. ఆమె మునివేళ్ళ మీద నిలబడి అటే చూస్తోంది. "ఎవలో పిలగాడట తమ్మీ. లిఫ్టుల సచ్చిపోయిండట."

"అయ్యో పాపం!" అన్నాడు కుమారస్వామి. అన్నాక, అక్కడ మనుషుల లెక్క తీస్తున్నారని అర్థమైంది. లేనని తేలితే సర్టిఫికెట్ గంగలో కలిసినట్టే. నడుం వంచి, తల దించి, అయిదో అంతస్తు లైను చివర దూరాడు.

హెల్మెట్ పెట్టుకున్న మనిషి ఒక్కో భుజం తడుతూ వచ్చాడు. చివరి భుజం తట్టి, "అందరున్నరు మేడం. లెక్క సరిపోయింది," అన్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. సరిపోకూడదు కదా. వెనక్కి తిరిగాడు.

"నాయినా!" అన్నాడు కుమారస్వామి.

ముందు చెంప పగిలింది. ఆ వెంటనే ఊపిరాడనంత గట్టిగా కౌగిలి. "యాడికి పోయినవ్‌రా?"

"నీ కోసమే నాయినా. ఎల్బీ నగర్‌కు."

"బిళ్ళ ఇయ్యకుంట పోతవా? బిళ్ళ ఇయ్యకుంట?"

"పని టైములో ఎల్బీ నగర్ వెళ్ళావా?" అంది అరుణశ్రీ. "అయితే సర్టిఫికెట్ గురించి మరిచిపో."

అప్పుడే ఫైర్ ఆఫీసరు రామ్‌చందర్ లోపలి నుంచి వచ్చాడు. "మంట లేదు, లిఫ్టుల మనిషి లేడు. సైరన్ ఎవలు కొట్టిన్రు? మేడం, ఫైర్ డ్రిల్లు చెయ్యున్రి అని మీకు ఎన్నిపార్ల చెప్పినం? అది చెయ్యరు గని ఉత్త పుణ్యానికి మమ్ముల పిలుస్తరా? కేసు రాయాల్నా?"

అరుణశ్రీ ఆఫీసరును చూసింది. హెల్మెట్ పెట్టుకున్న తండ్రిని చూసింది. చెంప రుద్దుకుంటున్న కొడుకును చూసింది.

"ఇదే కదండీ డ్రిల్లు!" అంది. "మా ట్రైనీ ప్రాజెక్టు. ఈయన బొగ్గు గనుల నుంచి వచ్చిన నిపుణులు. ఒక మనిషి తప్పిపోవడం కూడా ప్లానులో భాగమే."

"మరి ఆ కొట్టుడు?"

"అది కూడా."

"ఉత్తుత్తిదా?" అన్నాడు పగిడయ్య. "నా పానం పోయింది గదనే!" పిచ్చయ్య అతని చొక్కా పట్టుకుని, కూర చల్లారిపోతోందంటూ పక్కకు లాగాడు.

రామ్‌చందర్ కదల్లేదు. ప్రాజెక్టు అయితే కాగితం చూపించమన్నాడు. సర్టిఫికెట్ తెప్పించి, ఆయన ముందే, ఫైరింజను మడ్‌గార్డు మీద పెట్టి అరుణశ్రీ నింపింది. ప్రాజెక్టు: అత్యవసర సమయంలో మనుషుల లెక్క. పనితీరు: ప్రశంసనీయం. సంతకం పెట్టబోతూ ఆగి, గొంతు తగ్గించి, "బాబూ, నీ పూర్తి పేరేంటి?" అని మొదటిసారి అడిగింది.

ఇంటర్న్‌షిప్ ముగియడంతో కొడుకు కూడా తండ్రి వెంటే తిరుగు బస్సు ఎక్కాడు. బస్సు కారేపల్లి దాటి అడవి దారి పట్టింది.

"సొంత రూమంటివి," అన్నాడు పగిడయ్య చివరికి.

"రూమే నాయినా. నేనూ, మిషనూ."

పగిడయ్య కిటికీలోంచి చూశాడు. "పెండ్లయిన కొత్తల నేను బాయిల పెద్ద సారునని మీ అమ్మకు చెప్పిన."

"నమ్మిందా?"

"టోపీ లైటు తెచ్చి చూపిచ్చిన. నమ్మింది. నువ్వా సర్టిఫికెట్ చూపియ్యి." కొడుకు వైపు తిరిగి, "అవ్‌గని, ఆ కొక్కానికున్న కార్డు తెచ్చుకున్నవా?" అన్నాడు.

కుమారస్వామి జేబు తడుముకున్నాడు. కంపెనీ బిళ్ళ చేతికి తగిలింది.

ఆ గేటు లెక్కన, అయిదో అంతస్తులో కుమారస్వామి ఇప్పటికీ డ్యూటీలోనే ఉన్నాడు.