బాల్కనీ దాటిన సవరం

గల్ఫులో ఉగాది ఎప్పుడొచ్చినా శుక్రవారమే వస్తుంది. పంచాంగం సోమవారమని మొత్తుకున్నా, సెలవు లేనిదే పచ్చడి గొంతు దిగదు కాబట్టి దోహా తెలుగు సంఘంవారు వారాంతం దాకా ఆగి పండగ చేసుకునేవారు. తొంభై నాలుగులోనూ అంతే. ఆ శుక్రవారం పొద్దున అల్ సద్ పేటలో, మూడో అంతస్తు ఫ్లాట్లో భానుమతి వేసుకున్న పథకం చాలా చిన్నది. సవరానికి తలంటి, బాల్కనీలో ఆరబెట్టి, సాయంత్రం ఆరింటికల్లా జడలో కలిపేసుకోవడం.

సవరం సంగతి తనకూ, బాత్రూమ్ తలుపు వెనక మేకుకూ తప్ప మూడో ప్రాణికి తెలియదని ఆమె నమ్మకం. తెనాలి నుంచి వచ్చేనాటికి ఆమె జడ నడుము దాటి ఉండేది. సముద్రాన్ని కాచి కుళాయిల్లోకి వదిలే దోహా నీళ్ళు రెండేళ్ళలో దాన్ని ఎలకతోక చేసి వదిలాయి. పోయినేడు సెలవుల్లో వాళ్ళమ్మ, ఏళ్ళ తరబడి దువ్వెనలోంచి తీసి డబ్బాలో దాచిన కూతురి జుట్టూ తన జుట్టూ కలిపి సవరం కట్టించి ఇచ్చింది. అప్పటినుంచీ భానుమతి పరువు ఆ సవరానికే వేలాడుతోంది. మొగుడు కృష్ణప్రసాద్ మాత్రం ఎవరు కనబడినా "మా ఆవిడ జడ చూడాలండీ" అనడం మానలేదు. అంతటితో ఆగినా బాగుండేది. ఆ సాయంత్రం సంఘంవారు పెట్టిన జడల పోటీకి ఆమె పేరు తనే ఇచ్చి వచ్చాడు.

ఎనిమిదింటికి ఇసుకగాలి మొదలైంది. భానుమతి పులిహోర కలిపి బాల్కనీలోకి వచ్చేసరికి పదకొండు. తాడు మీద క్లిప్పుంది, తువ్వాలుంది, తువ్వాలు చాటున ఆరేసిన సవరం లేదు. నడుమెత్తు గోడకు అవతల పక్కింటి బాల్కనీ. అక్కడుండేది సూడాన్ వాళ్ళు. ఆ ఇంటావిడ బతూల్ బడిలో ఇంగ్లీషు పాఠాలు చెబుతుంది. ఆ సాయంత్రమే వాళ్ళమ్మాయి పెళ్ళి. పెళ్ళివారింటి తలుపు తట్టి, నా జుట్టు మీ ఇంటికి వచ్చిందా అని ఏ ముఖం పెట్టుకుని అడగడం?

నాలుగో అంతస్తులో తహెరున్నీసా ఉంది. నిజామాబాద్ మనిషి, అరబ్బీ కూడా గలగలా మాట్లాడుతుంది. భానుమతి పైకి పరుగెత్తింది.

"తహెరా, పక్కింట్లోకి ఒకటి వెళ్ళింది. కాస్త చూసి రావూ?"

"ఏంది పోయింది అక్కా?"

"అదే, నల్లగా ఉంటుంది. పొడుగ్గా."

"ఎంత పొడుగు?"

భానుమతి చేతులు రెండూ చాచింది. "గోడ మీంచి జారి వెళ్ళినట్టుంది. ఎవరికీ చెప్పకు, నీకు పుణ్యముంటుంది."

తహెరున్నీసా ముఖం పాలిపోయింది. "గిసువంటియి చెప్పకుంటె ఎట్ల అక్కా" అంటూ చెప్పులైనా తొడుక్కోకుండా మెట్లు దిగింది. పక్కింటికే వెళ్ళిందని భానుమతి గుండె మీద చెయ్యేసుకుంది. ఆవిడ వెళ్ళింది వాచ్‌మన్ లింగన్న దగ్గరికి.

లింగన్నది కరీంనగర్ దగ్గర పల్లె. ఊళ్ళో తను చంపిన పాముల లెక్క ఆరేళ్ళుగా బిల్డింగులో అందరికీ చెబుతూనే ఉన్నాడు. ఆరేళ్ళలో ఒక్క పామూ వచ్చి ఆ మాటను పరీక్షించిన పాపాన పోలేదు. ఇన్నాళ్ళకు దేవుడు కరుణించాడని అతను తుడుపుకర్ర ఊడబీకి, ప్రతి తలుపూ బాదుకుంటూ పైకి వచ్చాడు. పావుగంటలో బిల్డింగంతా మెట్ల మీదికీ రోడ్డు మీదికీ చేరింది. రెండో అంతస్తులో అది రెండు పాములైంది. కిందికి చేరేసరికి ఒకరిని కాటేసింది కూడా. కృష్ణప్రసాద్ లుంగీ మీదే, డిగ్రీ సర్టిఫికెట్ల ఫైలు చంకన పెట్టుకుని బయటికొచ్చాడు.

"ఏవండీ, ఏమిటీ గోల?"

"పామట భానూ. నల్లదట, రెండు బారలుందట. గోడ మీంచి జారి పక్కింట్లో దూరిందట."

ఆ పామెవరో భానుమతికి అప్పుడర్థమైంది.

ఖాళీ చేయనిది ఒక్క పక్కిల్లే. తలుపు బార్లా తీసి ఉంది. గుమ్మంలో లింగన్న కర్ర ఎత్తి పట్టుకుని "యల్లా మేడమ్, యల్లా, కిందికి నడువుండ్రి" అని బతిమాలుతున్నాడు. లోపల తివాచీ మీద పెళ్ళికూతురు, ఆమె వెనక పీట మీద ఒక ముసలావిడ. హజ్ యాత్ర చేసొచ్చింది కాబట్టి హాజ్జా అని పిలుస్తారు. పెళ్ళికూతుళ్ళకు జడలల్లడమే ఆమె వృత్తి. నిన్న పొద్దున మొదలుపెట్టింది. చీపురుపుల్లంత సన్నటి జడలు వందకు పైగా వరసలు తీరి ఉన్నాయి, కుడి చెవి వైపు ఇంకా బెత్తెడు మిగిలింది. ఇల్లంతా సుగంధపు నూనె వాసన.

హాజ్జా చేతులు ఆపకుండా ఏదో అంది. తహెరున్నీసా గుమ్మంలోంచి తెలుగు చేసింది. "పిల్ల లెవ్వదంటక్కా. నడుమల లేస్తె జడలన్ని ఇప్పి మల్ల మొదటికెల్లి అల్లాల్నంట. మగపెండ్లోల్లు ఐదింటికే వస్తరంట. పాము వస్తె రానీ, గది గూడ కూసుంటది అంటున్నది."

"పాముకు పెండ్లి గిండ్లి ఏం ఎరుక" అని లింగన్న లోపలికి అడుగు వేశాడు. పెళ్ళికూతురు కళ్ళనీళ్ళు పెట్టుకుని, లేవడానికి నేలకు చెయ్యి ఆనించింది.

భానుమతి వెనక్కి చూసింది. మెట్ల మీద మొగుడు, ఆయన వెనక ఊరంత జనం. నోరు మూసుకుంటే తన పరువు దక్కుతుంది, ఆ పిల్ల రెండు రోజుల జడలు గంగలో కలుస్తాయి. ఆమెకు ఏడుపొచ్చింది. అయినా లింగన్నను పక్కకు నెట్టి లోపలికి వెళ్ళింది.

"లేవద్దని చెప్పు తహెరా. పాము లేదు, పాడు లేదు. అది నా సవరం."

లింగన్న కర్ర దించాడు. "సవరమా" అన్న ఆ ఒక్క మాటలో ఆరేళ్ళ ఆశ నీరుగారింది.

తహెరున్నీసా అరబ్బీలో చెప్పింది. హాజ్జా తన పక్కనున్న బుట్టలోకి చూసింది. జడల్లో కలిపే జుట్టు కడిగి, పొద్దున్నే బాల్కనీలో పరిచారు. గాలికి వచ్చి అందులో పడ్డది పడ్డట్టే బుట్టలోకి చేరింది. ఇప్పుడు బుట్ట ఖాళీ.

"గింత మెత్తటి జుట్టు ఏ దుకాన్ల దొరికిందా అని పొద్దటిసంది అనుకుంటున్నదంట. మీ సవరం పిల్ల నెత్తిమీదున్నదక్కా. ముప్పై జడలల్ల."

ఇక అందరూ నవ్వుతారని భానుమతి తలవంచుకుని నిలబడింది. ఎవరూ నవ్వలేదు. హాజ్జా మాట్లాడుతూనే ఉంది, తహెరున్నీసా అందుకుంటూనే ఉంది. "సిగ్గెందుకంటున్నది. వాల్ల అమ్మమ్మ కాలంల జడ జూస్తెనే పెండ్లయిందా లేదా, ఎవరి బిడ్డ, అన్ని తెలిసేదంట. జుట్టు సాలకుంటె దారం కలిపేటోల్లంట, లేకుంటె అక్కది, అత్తది. నలుగురిది కలిస్తె నలుగురి దీవెన అంట. ఇది ఎవరిదని అడుగుతున్నది."

"మా అమ్మది. నాది."

"అయితె మీ అమ్మ గూడ పెండ్లికి వచ్చినట్టేనంట."

బతూల్ వచ్చి భానుమతి చెయ్యి పట్టుకుని ఇంగ్లీషులో చెప్పింది. "లండన్‌లో మూడేళ్ళు నేనూ దాచాను. ఈ ఉంగరాల జుట్టుతో వస్తే ఉద్యోగం లేదన్నారు. ఇనప దువ్వెన పొయ్యి మీద కాల్చి, జుట్టు సాపు చేసుకునేదాన్ని. చెవులు బొబ్బలెక్కేవి. ఇంటికెళితే మా అమ్మ నా ముఖాన్ని గుర్తుపట్టింది కానీ తలను గుర్తుపట్టలేదు. కూచుని ఏడ్చింది. నువ్వెన్నాళ్ళు దాచావు?"

"ఏడాది."

"చెవులైనా మిగిలాయి, సంతోషం."

రెండింటికి పెళ్ళికూతురి చివరి జడ పూర్తయింది. హాజ్జా వేళ్ళు విరుచుకుని, పీట ముందు ఖాళీని చూపించి, భానుమతిని కూచోమంది. బాకీ తీర్చుకోవడం ఆమె పద్ధతి. ఉన్న కాసింత జుట్టుకే నూనె రాసి, ఏ కలుపూ లేకుండా ఇరవై రెండు జడలు అల్లింది. మెడ దాటి ఒక్కటీ దిగలేదు.

ఆరింటికి వేదిక మీద సంఘం అధ్యక్షుడు రామకృష్ణారావు టేపు చేతపట్టుకుని, ఏ జడ లెక్కలోకి తీసుకోవాలని అడిగాడు. తొమ్మిదిమందిలో భానుమతి తొమ్మిదోది. అయితే మొదటి బహుమతి వచ్చినావిడతో సహా ఎనిమిదిమందీ ఆమె చుట్టూ చేరి, అవి ఎక్కడ వేయించుకున్నావని అడిగారు. పక్కింట్లో అని ఆమె తలెత్తి చెప్పింది.

తిరుగు దారిలో కారులో ఆమే మొదలుపెట్టింది. "మీకు ముందే చెప్పాల్సింది."

"తెలుసుగా" అన్నాడు కృష్ణప్రసాద్.

"ఎప్పటినుంచి?"

"ఏడాదినుంచి రోజూ గడ్డం గీసుకుంటుంటే అద్దంలో తలుపు వెనక ఆ మేకే కదా కనిపించేది."

"మరి పోటీకి పేరెందుకిచ్చారు?"

"ఇవ్వకపోతే నాకు తెలుసని నీకు తెలిసిపోదూ?"

భానుమతికి కోపం రావాలి. ఆ కోపం సగం దారిలో నవ్వైంది. ఇల్లు చేరేదాకా ఇరవై రెండు జడలూ ఊగుతూనే ఉన్నాయి.

ఆ వారం లింగన్న, గల్ఫంతా దుబాయే అనుకునే తన ఊరికి రాసిన ఉత్తరంలో మాత్రం, దుబాయ్‌లో రెండు బారల నల్లపాము ఒకటి అతని చేతిలో చచ్చింది.