నలభై ఒక్క గుడ్ల అట్టల నిశ్శబ్దం

ముసలితనంలో చెవుడు ఉచితంగా వస్తుందంటారు. నాకు రాలేదు. డెబ్బై ఆరేళ్ళు వచ్చాయి, మోకాళ్ళ నొప్పులు వచ్చాయి, పళ్ళు వచ్చిన దారినే వెళ్ళిపోయాయి. చెవుడు మాత్రం మా గుమ్మం తొక్కలేదు. ఎన్నాళ్ళని ఎదురుచూస్తాను? చివరికి నేనే సొంతంగా ఒకటి కట్టుకున్నాను. పడకగదిలో, చాలా చవకలో.

దాన్ని హోమ్ స్టూడియో అంటారట.

అయ్యలారా, అమ్మలారా! మనిషి కనిపెట్టిన వాటిలో నిప్పు గొప్పదా, చక్రం గొప్పదా అని చదువుకున్నవాళ్ళు వాదించుకుంటారు. వాళ్ళెవరూ బుసాన్‌లో ఈ కొండ మీది పాత అపార్ట్‌మెంట్లలో ఒక్క పూట ఉన్నవాళ్ళు కారు. ఉంటే, రెండూ కాదు, చప్పుడు చొరబడని గదే గొప్పదని ఒప్పుకుని లెంపలేసుకునేవారు.

మీకు సందేహమా? వినండి. తెల్లవారగానే పైఇంట్లో హారిన్ అనే అమ్మాయి వాళ్ళమ్మ వెల్లుల్లి దంచుతుంది. ఆమె దంచేది వెల్లుల్లో, నా తల మీద బావి తవ్వుతోందో ఇరవై ఏళ్ళుగా తేలలేదు. పది గంటలకి గుడ్లబండి వస్తుంది. బండి మీద మైకు, మైకులో టేపు: "గుడ్లండీ గుడ్లు! తాజా గుడ్లు! కోడి ఇంకా వెతుక్కుంటోంది, అంత తాజా!" అది గంటసేపు మా అయిదు బ్లాకుల చుట్టూ తిరుగుతుంది. దిష్టి తీసినట్టు!

వీటన్నిటికీ కిటికీ మూసుకోవచ్చు. ఆఫీసు స్పీకరుకి ఏం మూస్తారు? ప్రతి ఇంటి పైకప్పులోనూ ఒకటి బిగించారు. దానికి మీట లేదు, తాడు లేదు. కింద ఆఫీసులో మేనేజరు చోయ్ గారు గొంతు సవరించుకుంటే మూడు వందల ఇళ్ళ పైకప్పులు ఒక్కసారిగా దగ్గుతాయి. "బాల్కనీలలో సిగరెట్లు తాగరాదు." "ఎవరిదో కిమ్చి పచ్చడి జాడీ మూత మెట్ల మీద దొరికింది." పాపం మా ఆయన కూడా బతికుండగా నా పడకగదిలో ఇంత చనువుగా మాట్లాడలేదు!

అయినా ఇన్నేళ్ళూ భరించాను. మరి ఇప్పుడు స్టూడియో ఎందుకంటారా? ఇమ్సున్ అక్క పాట కోసం.

ఇమ్సున్ అక్కది అయిదో బ్లాకు. చేపల మార్కెట్లో ముప్పై ఒక్క ఏళ్ళు ఆమె బల్లా నా బల్లా పక్కపక్కనే. పొలుసులు గీకుతూ ఆమె ఒక పాట పాడేది. ఏ పుస్తకంలోనూ లేదు, ఆమె సొంతం.

*పొలుసు రాలితే వెన్నెల, పొట్ట చీరితే సముద్రం,*
*కొనేవాడా, చేపకి లేని తొందర నీకెందుకు!*

రెండో చరణం రోజుకొకలా ఉండేది. ఎదురుగా ఎవరు నిలబడితే వాళ్ళని బట్టి అప్పటికప్పుడు మార్చి పాడేది. పిసినారి వస్తే పిసినారితనం మీద, కొత్త పెళ్ళికూతురు వస్తే సిగ్గు మీద. నేను పక్కనే ఉండేదాన్ని గానీ ఎదురుగా ఎప్పుడూ నిలబడలేదు. కాబట్టి నా మీద ఒక్కసారీ పాడలేదు.

ఈ చలికాలం దాటితే మా అపార్ట్‌మెంట్లు కూలగొట్టి ముప్పై అంతస్తులవి కడతారట. అందరం ఖాళీ చెయ్యాలి. ఇమ్సున్ అక్క గంగ్నంగ్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. రోజు కూడా ఖాయమైంది: చాంద్రమాసం పదో తేదీ. ఆ రోజు దారి కాచే దయ్యాలన్నీ ఆకాశానికి పోతాయి. మేం అలాంటి రోజునే ఇల్లు మారతాం. మరో రోజు మారితే అవి మంచాల మీద కూర్చుని కొత్తింటికి కూడా వస్తాయి.

ఇంకా ఇరవై రోజులుంది. ఈలోగా ఆ పాటని ఒక్క చప్పుడు కూడా కలవకుండా రికార్డు చేసి దాచుకోవాలి. నాకున్న కోరిక అదొక్కటే.

"నా పాటెందుకే నీకు?" అంది అక్క. "ముప్పై ఏళ్ళు విన్నావు, కడుపు నిండలేదా?"

"దాచుకుంటానక్కా."

"దాచుకుని? రోజూ పెట్టుకుని ఏడుస్తావా? ఎండు చేపవి నువ్వు, తడిస్తే పాడైపోతావు."

అలా మొదలైంది. మా వీధి చివర పాటలగది ఒకటి మూసేస్తున్నారు. జనం గంటకింత ఇచ్చి తలుపేసుకుని పాడుకునే చోటు. దాని యజమానురాలు ఒక మైకు, రికార్డరు, హెడ్‌ఫోన్లు, దూది కుట్టిన తలుపు దాదాపు ఊరికే ఇచ్చేసింది. "ఈ తలుపు వెనక ఎంతమంది తాగి ఏడ్చారో అవ్వా, ఒక్కరి ఏడుపూ బయటికి రాలేదు" అంది. ఇంతకు మించిన గ్యారంటీ ఏ కంపెనీ ఇస్తుంది చెప్పండి!

మిగతాదంతా పుస్తకం చూసి చేశాను. నేను బడికి వెళ్ళలేదు. నలభయ్యో ఏట చేపల పెట్టెల మీది పేర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. అప్పటినుంచి ఏ పుస్తకమైనా మొదటి పేజీ నుంచి రోజుకి నాలుగు పేజీలు, వేలు పెట్టి చదువుతాను. లైబ్రరీ నుంచి చప్పుళ్ళని ఆపే పుస్తకం తెచ్చాను. ఇరవయ్యో పేజీలో గోడలకి గుడ్ల అట్టలు అంటించమని ఉంది. అంటించాను. నలభై ఒకటి! కొన్ని గుడ్లబండాయన ఖాళీవి ఇచ్చాడు, మిగతావి గుడ్లతో సహా కొన్నాను. గుడ్లబండి గోల ఆపడానికి గుడ్లబండి దగ్గరే బేరం! దొంగ చేతికే తాళాలిచ్చి ఇల్లు జాగ్రత్త నాయనా అన్నట్టుంది.

"ఏంటవ్వా, ఇంట్లో హోటల్ పెట్టారా?" అని అడిగాడాయన.

అరవై మూడో పేజీకి వచ్చేసరికి ఏమని ఉంది? 'గుడ్ల అట్టలు గదిలోపలి ప్రతిధ్వనిని కొంత మింగుతాయేగాని బయటి చప్పుడును ఆపవు. చప్పుడును ఆపేది బరువు.' పుస్తకాన్ని వెనక నుంచి చదవాలని బడికి వెళ్ళినవాళ్ళెవరూ నాకు చెప్పలేదు!

సరే, బరువు. మా ఇళ్ళలో బరువుకేం కొదవ? కిమ్చి కోసం కొన్న ఉప్పు బస్తాలు కిటికీకి అడ్డంగా రెండు వరసలు పేర్చాను. తలుపుకి పెళ్ళినాటి పరుపులు. తలుపు కింది సందులో తడి తువ్వాలు. ఇక పాడమన్నాను.

మొదటి రోజు రెండో వాక్యంలో "గుడ్లండీ గుడ్లు!" అక్క ఉప్పు బస్తా పక్కకి తోసి కిటికీ తెరిచింది. "ఒరేయ్ గుడ్లోడా! కోడి కూడా గుడ్డు పెట్టాక కాసేపే అరుస్తుంది. పెట్టని నువ్వు రోజంతా అరుస్తావేంట్రా!" ఆయన కింద నుంచి దణ్ణం పెట్టాడు, టేపు మాత్రం ఆపలేదు.

రెండోసారి పాట సగంలో చోయ్ గారు దగ్గారు. నీళ్ళ ట్యాంకు కడుగుతారట. నేను స్టూలెక్కి మందపాటి బొంతని పైకప్పు స్పీకరుకి తాళ్ళతో బిగించి కట్టేశాను. అమ్మయ్య! ఇరవై ఏళ్ళలో మొదటిసారి నా పడకగది నాదైంది.

మూడోసారి ఫ్రిజ్ మూలిగింది. ప్లగ్గు పీకాను, పీకిన సంగతి మూడు రోజులు మరిచిపోయాను. నాలుగోసారి పాటంతా బాగా వచ్చింది, చివర్లో అక్క కడుపు మేళం వాయించింది. వాయించదా మరి? అట్టలు ఖాళీ చెయ్యడానికి వారం రోజులుగా ఆమెకి మూడు పూటలా గుడ్లే పెడుతున్నాను.

"ఇది స్టూడియోనా శవపేటికా? ఊపిరాడట్లేదే!"

"తక్కువ పీల్చుకో అక్కా. పీల్చినా వినబడుతోంది."

"నేను ఊరెళ్ళేలోపే నన్ను పైకి పంపేట్టున్నావే, జమ్నే!"

జమ్నే అంటే నేనే.

ఆఖరికి ప్రయాణానికి ముందురోజు కుదిరింది. నిమిషం యాభై సెకన్లు. గుడ్లు లేవు, దగ్గు లేదు, వెల్లుల్లి లేదు. గొంతు ఒక్కటే. హెడ్‌ఫోన్లు అక్క చెవులకి పెట్టాను. కళ్ళు మూసుకుని వింది.

"ఎవరే ఈమె? బాగానే పాడుతోంది" అంది. చివరిదాకా విని, "ఎక్కడో ఒక్కతే ఉన్నట్టుంది, పాపం" అంది.

నాకు మాత్రం అది గెలుపే. ఇక మర్నాటి సంగతి. సామాను కిటికీలోంచి దించే నిచ్చెన బండి రెండు గంటలకి వస్తుందని అక్క చెప్పింది. ఒంటిగంటకి నేను దారిలో తినడానికి గింబప్ అన్నం చుట్టలు చుట్టుకుని వెళ్ళాలి, నాలుగు మాటలు చెప్పాలి. ఆ మాటలు కాగితం మీద రాసి పెట్టుకున్నాను కూడా.

నాకు వీడ్కోళ్ళంటే భయం. ప్రతి వీడ్కోలుకీ ఒక చప్పుడుంటుంది. మా అన్న ఎక్కిన ఓడ కూత నాకు తొమ్మిదేళ్ళప్పుడు విన్నాను, ఇప్పటికీ ఓడ కూస్తే చెయ్యి పని ఆపేస్తుంది. మా ఆయన ఆఖరి రోజు మెట్లు దిగిన బూట్ల చప్పుడులో ఎన్ని మెట్లున్నాయో చెప్పగలను. అలాంటి మనిషికి చప్పుడు చొరని గది కన్నా గొప్ప వరం ఉంటుందా? మీరే చెప్పండి!

ఆ పదో తేదీ పొద్దున్న ఎనిమిదింటికే నిచ్చెన బండ్లు గుర్రుమనడం మొదలుపెట్టాయి. దయ్యాల్లేని రోజు కదా, ఊళ్ళోవాళ్ళందరూ అదే రోజు కదులుతారు. నేను స్టూడియోలోకి వెళ్ళి తలుపు వేసుకుని, తువ్వాలు సందులో కుక్కి, ఫోను ఆపేసి, పాట పెట్టుకున్నాను. పదకొండుకి బయటికి వచ్చాను.

మెట్ల మీద హారిన్ వాళ్ళమ్మ ఎదురైంది. "అవ్వా, మీరు వెళ్ళలేదా? మైకులో మూడుసార్లు పిలిచారుగా!"

జరిగింది ఇదీ. గిరాకీ ఎక్కువై ఇమ్సున్ అక్క బండి రెండింటికి బదులు ఎనిమిదింటికే వచ్చేసింది. సామాను దించాక ఆమె వచ్చి మా గంట నొక్కింది. తలుపు బాదింది. ఫోను చేసింది. తర్వాత ఆఫీసుకి వెళ్ళింది. చోయ్ గారు స్పీకర్లలో రెండుసార్లు చెప్పారట: "మూడో బ్లాకు జమ్నే గారూ, ఇమ్సున్ గారు బయల్దేరుతున్నారు, వెంటనే కిందికి రాగలరు." మూడోసారి అక్క ఆయన చేతిలోంచి మైకు లాక్కుంది. ముప్పై ఒక్క ఏళ్ళు చేపలమ్మిన గొంతుకి మైకు కూడా దొరికితే ఇంకేముంది? మూడు వందల పైకప్పులు మాట్లాడాయి. మూడు వందల ఇళ్ళూ విన్నాయి.

కాదు, తప్పు చెప్పాను. రెండు వందల తొంభై తొమ్మిది. ఒక ఇంట్లో బొంత కట్టి ఉంది. ఎంత గట్టి పనితనం! అరవై మూడో పేజీ అక్షరాలా నిజం.

సాయంత్రం ఫోను చేశాను. "ఏమన్నావక్కా మైకులో?"

"చెప్పాల్సింది చెప్పేశానే. మళ్ళీ మళ్ళీ చెప్పడానికి నేనేమైనా గుడ్లబండి టేపునా? అందరూ విన్నారు, వెళ్ళి అడుక్కో" అని పెట్టేసింది. రోషం వస్తే ఆమె అంతే. గొంతు మాత్రం బొంగురుపోయి ఉంది.

అడుక్కుంటున్నాను. గడప గడపకీ వెళ్ళి అడుగుతున్నాను. "నన్ను పక్కకి తోసేశారండీ, నాకు సరిగా వినబడలేదు. తిట్లు మాత్రం వినబడ్డాయి" అన్నారు చోయ్ గారు. "'ఉప్పు బస్తాలు నువ్వెత్తకు, నడుం పడుతుంది' అన్నారవ్వా" అంది హారిన్ వాళ్ళమ్మ. మొదటి బ్లాకు తాతగారు ఒకాయన తీరిగ్గా గుర్తు చేసుకుని చెప్పారు: "పాట పాడిందమ్మా. పొలుసులూ వెన్నెలా అని. రెండో చరణంలో మీ పేరుంది."

నా పేరు!

"ఏమని ఉంది?" అని అడిగాను.

"'జమ్నే, జమ్నే' అని ఎత్తుకుంది. అంతలో గుడ్లబండి వచ్చిందమ్మా."

గుడ్లబండాయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "నాకేం తెలుసవ్వా, పదయింది, టేపు పెట్టాను" అన్నాడు. ఒక అట్ట గుడ్లు ఊరికే ఇచ్చాడు. నలభై రెండో అట్ట.

ఇక నిజం ఒకటి చెప్పాలి. ఆ పొద్దున్న ఎనిమిదింటికి నిచ్చెన బండి చప్పుడు అయిదో బ్లాకు వైపు నుంచే వచ్చింది. మీకు ముందే చెప్పాను, నాకు చెవుడు రాలేదని. అది వేరే ఎవరిదో అనుకున్నాను. అలా అనుకోవడానికి నాకో గది ఉంది మరి.

వచ్చే పందొమ్మిది మళ్ళీ దయ్యాల్లేని రోజు. ఆ ఒక్కరోజే తొంభై ఇళ్ళు ఖాళీ అవుతాయట. ఆ చెవులన్నీ ఊరికొకటిగా పోతాయి. అందుకని ఈ ప్రకటన. చప్పుడు చొరని స్టూడియో ఒకటి, మంచి స్థితిలో ఉన్నది, ఇచ్చివేయబడును. మైకు, తలుపు, పరుపులు, నలభై ఒక్క గుడ్ల అట్టలు. ధర ఏమీ లేదు. 'జమ్నే, జమ్నే' తర్వాత ఆమె ఏం పాడిందో చెప్పి పట్టుకెళ్ళండి. ఆఫీసు పక్క ఇళ్ళవాళ్ళు ముందు రండి, మీవైపు గుడ్లబండి గోల తక్కువ.

వచ్చినవాళ్ళు మెట్లెక్కి గంట నొక్కక్కర్లేదు. కింద నిలబడి గట్టిగా పిలవండి. కిటికీలో బస్తాలు తీసేశాను.