రోజూ మీతోనే

ఆదివారం ఉదయం పది గంటలకు తన నవల చివరి అధ్యాయాన్ని లైవ్‌లో చదవాలని అనౌన్సరు నిర్ణయించుకున్నాడు. అతన్ని ఇప్పటికీ అందరూ అనౌన్సరనే పిలుస్తారు గానీ, బస్‌స్టేషన్‌లో ఆ ఉద్యోగాన్ని యంత్రానికిచ్చి, అతన్నీ అతని గొంతునీ ఇంటికి పంపేసి రెండేళ్లయింది. ఆ గొంతుతోనే ఇప్పుడు తను రాసిన నవలను రోజుకో అధ్యాయం చొప్పున ఇంటర్నెట్‌లో చదువుతున్నాడు. అంతకుముందు ప్రచురణకర్తలు దాన్ని "సాగదీత ఎక్కువ" అంటూ తిప్పి పంపారు.

నవల ఒక టికెట్లమ్మే అమ్మాయి గురించి. ఊరందరినీ బస్సెక్కించే ఆ అమ్మాయి చివరికి తను ఎక్కుతుందా లేదా అన్నదే కథ. దాన్ని రాయడంలోనే అతని నడివయసు గడిచిపోయింది.

ఛానెల్ ఉచితమే. కింద 'మద్దతు ఇవ్వండి' అని ఒక బటన్ మాత్రం ఉంటుంది. ఊరికే దొరికేదానికి ఎవడైనా డబ్బిస్తాడా అని ఇంట్లో నవ్వారు. కానీ ఇచ్చారు. నెలనెలా ఇస్తూనే ఉన్నారు. ఎందుకిస్తున్నారో అతనికి అనుమానమే లేదు. సాహిత్యం అలాంటిది మరి. ముగింపు విన్నాక ఆ అభిమానులే పూనుకుని పుస్తకం అచ్చేయిస్తారని అతని నమ్మకం. ఆలూ లేదు చూలూ లేదు గానీ, అట్టమీద బొమ్మ కూడా ఎంచుకున్నాడు.

అతను స్నానానికి వెళ్లగానే భోజనాల బల్ల మీద ఫోన్ మోగింది. అనౌన్సరు భార్య చేయి తుడుచుకుని చూసింది. ఎవరో నర్సు రాసింది: "సార్, రోజూ మీతోనే పడుకుంటున్నాను. మీరు లేకపోతే నిద్ర రాదు. మా ఆయనకీ తెలుసు, ఏమీ అనరు."

ఆమె కుర్చీలో కూలబడింది. ఇంతలో ఇంకొకటి వచ్చింది: "మా రూములో నలుగురం మీతోనే పడుకుంటున్నాం సార్." ఇక్కడైనా ఆమెకు అనుమానం రావాల్సింది. కోపం వచ్చినప్పుడు లెక్కలు రావు కదా. పక్క వీధిలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసింది. తమ్ముడు బీమా ఏజెంటు. ఎవరింట్లో ఏ కష్టమొచ్చినా ఫైలు చంకన పెట్టుకుని వస్తాడు.

"తొందరపడకక్కా. ముందు ఆవిడతో తెగతెంపులు చేయిద్దాం," అంటూ బావగారి ఫోన్ తీసుకున్నాడు. నర్సుకి జవాబుగా, "ఇకమీదట నాతో పడుకోవడం కుదరదు. ఇదే ఆఖరు," అని టైపు చేసి పంపాడు. బీమా కాగితాల్లో చిన్న అక్షరాలు చదవొద్దని జనానికి చెప్పీ చెప్పీ అతనికీ చదివే అలవాటు పోయింది. ఆ మాట నర్సుకి కాదు, మద్దతుదారులందరికీ వెళ్లింది.

అనౌన్సరు తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఫోన్ ఆగకుండా మోగుతోంది. ఛానెల్ మూతపడుతోందేమోనని జనం ఎగబడి బటన్ నొక్కుతున్నారు. ఎన్నడూ పైసా ఇవ్వనివాళ్లు కూడా ఇస్తున్నారు. అతను కింద రాసినవేవీ చదవలేదు, పైన డబ్బు మాత్రం చూశాడు.

"చూశావా, నాకోసం ఎలా కొట్టుకుంటున్నారో."

"ఇంతమంది ఉన్నారని ఏనాడైనా చెప్పారా?" అంది భార్య.

"చెప్తే నమ్మావా? ఇంకా పెరుగుతారు చూడు."

"ఇంకానా?"

"ఊరికే వచ్చారా? రాత్రిళ్లు ఎంత కష్టపడితే వచ్చారు వీళ్లంతా."

"బావగారూ, ఈ వయసులో..." అని బావమరిది నసిగాడు.

"ఈ వయసులోనే పట్టు చిక్కుతుందయ్యా. కుర్రాళ్లకేం చేతనవుతుంది?"

భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. ఆనందబాష్పాలనుకుని అతను గదిలోకి నడిచాడు. అక్కడ బీరువా తలుపులు బార్లా తీసి, వేలాడే బట్టల మధ్య తల దూర్చి కూర్చోవడం అతని పద్ధతి. అలా అయితే వీధి గోల వినబడదు. అక్కాతమ్ముళ్లు గుమ్మంలో నిలబడ్డారు, నర్సు మొహం ఎలా ఉంటుందో చూద్దామని.

ముగింపు రోజు కదా అని మద్దతుదారులను వీడియోలోకి పిలిచాడు. బట్టల మధ్య ఆనించిన ఫోన్ తెర మీద నర్సు కనిపించింది. పక్కనే ఆవిడ భర్త దిండు సర్దుతున్నాడు. మరో గడిలో నలుగురు కుర్రాళ్లు వరసగా పడుకుని ఉన్నారు.

"చదివే ముందు ఒక్క మాట," అన్నాడు అనౌన్సరు. "మీరింత ప్రేమగా మద్దతు ఎందుకిస్తున్నారో మీ నోటితోనే చెప్పండి. మా ఆవిడ కూడా వింటోంది."

"నైట్ డ్యూటీ దిగొచ్చాక నాకు కళ్లు మూతపడవు సార్," అంది నర్సు. "మాత్రలు కూడా పనిచేయలేదు. మీ గొంతు పెడితే ఐదు నిమిషాలు కూడా పట్టదు. డబ్బివ్వకపోతే మీరెక్కడ ఆపేస్తారోనని భయం."

"మాకు రెండు నిమిషాలే," అన్నాడు నలుగురిలో ఒకడు.

గుమ్మంలో భార్యకు ప్రాణం లేచొచ్చింది. బీరువాలో భర్తకు ప్రాణం పోయినంత పనైంది.

"మరి... టికెట్లమ్మే అమ్మాయి?"

"ఏ అమ్మాయి సార్?"

"కథలో అమ్మాయి."

"కథ ఉందా సార్?" అంది నర్సు, ఎంతో గౌరవంగా.

భార్య గోడకు చేరబడి పొట్ట పట్టుకుని నవ్వింది. "వీళ్లంతా డబ్బిచ్చి నిద్రపోతున్నారా? పెళ్లయినప్పటి నుంచీ నేను ఊరికే పోతున్నానే."

ఆ మాట అతనికి గుండెల్లో గుచ్చుకుంది. రాసిన ప్రతి అధ్యాయాన్నీ మొదట ఆమెకే వినిపించేవాడు. లీనమై కళ్లు మూసుకుందనుకునేవాడు. ఒకరోజు ఆమె చెంప మీద నీటి తడి చూసి, తన రాతకు కరిగిపోయిందనుకుని పొంగిపోయాడు కూడా. అది ఆవలింత నీరని ఇప్పుడు తెలిసింది.

పౌరుషం తన్నుకొచ్చింది. చివరి అధ్యాయాన్ని ప్రాణం పెట్టి చదివాడు. టికెట్లమ్మే అమ్మాయి కిటికీ దభాలున మూసి, కదిలిపోతున్న బస్సు వెనక అరుస్తూ పరిగెత్తింది. అతనూ అరిచాడు.

"సార్, కాస్త మెల్లగా. గుండె దడగా ఉంది," అంటూ నర్సు వెళ్లిపోయింది. కుర్రాళ్లు లేచి కూర్చుని, ఒకరి మొహాలొకరు చూసుకుని కట్టేశారు. అమ్మాయి బస్సెక్కేసరికి తెర మీద అనౌన్సరు మొహం ఒక్కటే మిగిలింది. సాయంత్రానికి మద్దతు ఇచ్చినవాళ్లలో సగం మంది మానుకున్నారు. పొద్దుటి నుంచి కన్ను మూతపడలేదని తిట్టినవాళ్లూ ఉన్నారు.

"బావగారూ, ముగింపు చదవడమే పొరపాటు," అన్నాడు బావమరిది. "ముగిసిపోయేదానికి నెలనెలా ఎవడు కడతాడు?"

"మరి నా పుస్తకం?"

"ముందు ఇంటద్దె సంగతి చూడండి," అంది భార్య. ఈసారి ఆమె నవ్వలేదు. అతనికి అదే ఎక్కువ బాధనిపించింది.

మర్నాడు అతను మళ్లీ బీరువాలో తల దూర్చి, బస్సుల రాకపోకలు చెప్పే పాత గొంతుతో, మొదటి అధ్యాయం మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టాడు. వారం తిరగకుండా పోయినవాళ్లంతా తిరిగొచ్చారు. కొత్తవాళ్లనూ వెంటబెట్టుకొచ్చారు.

ఇది ఇదివరకే విన్నట్టుందని ఒక్కరూ అనలేదు.